నా డిజైన్ ఎవరో ఎత్తేసి అమ్ముకుంటున్నారు, అది నాదని నిరూపించుకోవడం ఎలా?

రేఖలు_రంగులు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను ప్యాటర్న్ డిజైనర్‌ని, అంటే బట్టల మీద, నోటుపుస్తకాల అట్టల మీద, గోడలకి అంటించే కాగితాల మీద పూలూ తీగలూ ఉంటాయి కదా, అవి గీస్తా. కొన్ని ఫైళ్లుగా అమ్ముతా, కొన్నిటికి లైసెన్స్ ఇస్తా. నాలుగు రోజుల క్రితం ఒక కస్టమర్ లింక్ పంపి ఇది మీదే కదండీ, వేరే పేరుతో ఉందేంటి అని అడిగారు. తెరిచి చూస్తే నా తీగ డిజైన్ ఫోన్ కవర్ల మీద, దిండు గలేబుల మీద, మొత్తం పదకొండు లిస్టింగులు. రంగు కాస్త మార్చారు, అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పారు, అంతే.

నాదేనని ఎలా తెలిసిందంటే, ఆ తీగలో మూడో ఆకు మీద ఒక ఈనె నడిమి కాడని దాటి అవతలికి పోతుంది. గీసేటప్పుడు చెయ్యి కదిలి అలా వచ్చింది, చూడ్డానికి బాగుందని దిద్దకుండా ఉంచేశా. వాళ్ల కవర్ ఫొటోని పెద్దది చేసి చూస్తే అదే ఈనె అదే చోట కాడ దాటింది, తిప్పేశారు కాబట్టి ఎడమ బదులు కుడివైపు. అది చూశాక కడుపులో తిప్పేసింది నిజంగా. ఎనిమిది నెలలు పట్టింది నాకు ఆ సెట్ మొత్తం గియ్యడానికి.

నేనెక్కడా రిజిస్టర్ చెయ్యలేదు. అసలు నాకు హక్కు ఉన్నట్టా లేనట్టా? ఉంటే ముందు ఏం చెయ్యాలి? అమ్మేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలీదు.

చిన్న_అడుగు · సోమవారం రాత్రి 11:02

అయ్యో, చదువుతుంటేనే కోపం వస్తోందండీ. ముందు వాళ్లకి గట్టిగా మెసేజ్ పెట్టండి, రెండు డిజైన్లూ పక్కపక్కన పెట్టి అందరికీ కనపడేలా పోస్ట్ చెయ్యండి. పరువు పోతుందని భయపడి వాళ్లే తీసేస్తారు.

పాత_ఫైళ్లు · సోమవారం రాత్రి 11:35

దయచేసి ఇప్పుడే మెసేజ్ పెట్టకండి, పోస్టూ వద్దు. మేధో సంపత్తి కేసులు చూసే ఆఫీసులో చాలా ఏళ్లు ఫైళ్లు సర్దే పని చేశాను, అక్కడ నేను చూసిన పెద్ద తప్పు ఇదే. మీ మెసేజ్ అందిన పది నిమిషాల్లో లిస్టింగ్ మాయమవుతుంది, వారం తర్వాత ఇంకో పేరుతో ఇంకో ఖాతాలో తేలుతుంది, మీ చేతిలో మాత్రం ఏమీ మిగలదు. ముందు పదకొండు లిస్టింగులకీ పూర్తి పేజీ స్క్రీన్‌షాట్లు తియ్యండి, పేజీ చిరునామా, తేదీ, అమ్మేవాడి ఖాతా పేరు, రివ్యూలు ఎన్ని ఉన్నాయో అన్నీ పడాలి, ఎందుకంటే ఎంత అమ్ముడైందో అంచనా వెయ్యడానికి తర్వాత అవే పనికొస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీల్ని సేవ్ చేయించండి, అప్పుడు తేదీకి మీరు కాకుండా బయటివాళ్లు సాక్షి అవుతారు. వీలైతే ఒక ఫోన్ కవర్ మీరే కొనండి, ప్యాకెట్ మీద పంపినవాడి చిరునామా వస్తుంది, దాంతో ఏ దేశమో తేలిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. హక్కు ఉంది. గీసిన నిమిషం నుంచే ఉంది. 1886లో బెర్న్ ఒప్పందం అని ఒకటి వచ్చింది, దాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించినప్పుడు కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ లాంటి లాంఛనాలేవీ అక్కర్లేదని తేల్చారు. ఇవాళ ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలూ అందులో ఉన్నాయి. అమెరికా మాత్రం 1989లో చేరింది, అంతకుముందు అక్కడ పుస్తకం మీద ఆ గుండ్రటి సి గుర్తు వెయ్యకపోతే హక్కే పోయే పరిస్థితి ఉండేది, అందుకే ఆ గుర్తు లేకపోతే ఏమీ లేనట్టేనన్న భయం జనాల్లో ఇంకా పోలేదు. గుర్తు వెయ్యడం మంచిదే, చూసినవాడికి తెలుస్తుంది, కానీ వెయ్యకపోయినా హక్కు ఎక్కడికీ పోదు.

కాకపోతే హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. అమెరికా కోర్టుకి వెళ్లాలంటే, అది అమెరికాలో పుట్టిన పని అయితే, ముందు అక్కడి కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయ్యుండాలి, అప్లికేషన్ పెట్టాను అంటే చాలదు, ఆఫీసు తేల్చాలి అని 2019లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. బయటి దేశాల పనులకి ఆ షరతు లేదు గానీ, చట్టంలో రాసిపెట్టిన స్థిర నష్టపరిహారం అడగాలంటే మాత్రం ఎవరికైనా సకాలంలో చేసిన రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అది లేకపోతే నాకు ఇంత నష్టం, వాళ్లకి ఇంత లాభం అని లెక్కలతో నిరూపించుకోవాలి, అది చిన్నవాళ్లకి చాలా కష్టం.

దీపం_కింద · మంగళవారం ఉదయం 6:50

మా గురువుగారు ఒక మాట చెప్పేవారు, మన పనిని కవర్‌లో పెట్టి సీల్ చేసి మనకే రిజిస్టర్ పోస్టులో పంపుకుంటే పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం, కాపీరైట్‌తో సమానం అని. నా కథలన్నీ అలాగే బీరువాలో దాచా. రేఖలు గారూ మీరూ ఇకనుంచి అలా చెయ్యండి.

పాత_ఫైళ్లు · మంగళవారం ఉదయం 8:15

దీపం గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు, కానీ దాన్ని నమ్ముకోకండి. ఖాళీ కవర్‌ని అంటించకుండా పంపుకుని ముద్ర పడ్డాక లోపల ఏదైనా పెట్టి మూయొచ్చు కదా, అవతలి లాయర్ మొదట అనేది అదే. పైగా కవర్ కాపీరైట్ ఇవ్వదు, ఆ హక్కు మీరు కథ రాసినప్పుడే వచ్చేసింది. కావలసింది తేదీకి సాక్ష్యం. మీరు ఎడిటర్‌కి పంపిన మెయిలే దానికన్నా గట్టిది, ఎందుకంటే దాని కాపీ ఇంకొకరి దగ్గర కూడా ఉంటుంది. కంప్యూటర్‌లో ఫైల్ తేదీ ఎవరైనా మార్చొచ్చు, ఇంకొకరి దగ్గరున్న తేదీని మీరు మార్చలేరు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

రేఖలు_రంగులు · మంగళవారం ఉదయం 9:05

స్క్రీన్‌షాట్లు అన్నీ తీశా, రాత్రి రెండయింది. నా దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకున్నా. పెన్సిల్ స్కెచ్ పుస్తకం ఉంది, తీగ మలుపు ఏడుసార్లు గీసి కొట్టేసిన పేజీతో సహా. లేయర్లతో ఉన్న అసలు ఫైల్ ఉంది, ఒక్కో ఆకుకీ ఒక్కో లేయర్. ఒక క్లయింట్‌కి ముందుగా పంపిన మెయిల్ ఉంది, వీళ్ల మొదటి లిస్టింగ్ కంటే పద్నాలుగు నెలల ముందుది.

పాత_ఫైళ్లు · మంగళవారం ఉదయం 9:20

కొట్టేసిన పేజీ బంగారం అండీ. కాపీ కొట్టినవాడి దగ్గర ముగిసిన బొమ్మ ఉంటుంది గానీ తప్పటడుగులు ఉండవు. ఆ కాడ దాటిన ఈనె కూడా అంతే, ఇద్దరూ విడివిడిగా గీశాం అని వాళ్లు అనకుండా అదొక్కటే నోరు మూయిస్తుంది. పాత రోజుల్లో మ్యాపులు అచ్చేసేవాళ్లు కావాలనే లేని వీధొకటి గీసి పెట్టేవాళ్లు, ఎవడైనా ఎత్తేస్తే దొరికిపోతాడని. మీకు తెలియకుండానే అది జరిగింది.

గళం · మంగళవారం మధ్యాహ్నం 1:10

నేను కొంచెం వేరే మాట చెప్తా, తప్పుగా అనుకోకండి. నేను కథలు చదివి ఆడియోగా పెడతా, నా సొంత కథలు. మొదట్లో నేనూ ఒక్కొక్కరి వెంటపడి తీయించేదాన్ని, రోజులు రోజులు పోయేవి, కొత్త కథ రాయడానికి బుర్ర మిగిలేది కాదు. తర్వాత క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టా, అంటే షరతులు పాటిస్తే ఎవరైనా అడక్కుండానే వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చెయ్యడం, నా పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, ఈ రెండే షరతులు. అప్పటినుంచి టీచర్లు పిల్లలకి వినిపిస్తున్నారు, ఎవరో వేరే భాషలోకి మార్చి పంపారు, నాకు పని కూడా అలా వచ్చినవాళ్ల వల్లే పెరిగింది. అందరితో యుద్ధం చెయ్యక్కర్లేదు అనిపిస్తుంది నాకు.

చెక్కపని · మంగళవారం మధ్యాహ్నం 1:45

గళం గారూ మీరు ఇచ్చారు, ఈవిడ దగ్గర లాక్కున్నారు, రెండూ ఒకటి కాదు కదండీ.

గళం · మంగళవారం మధ్యాహ్నం 2:00

అది నిజమే, ఒప్పుకుంటా. నా దాంట్లో కూడా ఒకరు నా పేరు తీసేసి డబ్బుకి పెట్టారు, అప్పుడు మాత్రం ఊరుకోలేదు. ఆ లైసెన్స్ నిలబడేది కాపీరైట్ మీదే, షరతు దాటితే లైసెన్స్ ఆగిపోతుంది, అప్పుడది మామూలు ఉల్లంఘనే. నేను చెప్పాలనుకున్నది ఏంటంటే ఏది పంచుకోవాలి ఏది పట్టుకోవాలి అనేది ముందే మనమే తేల్చుకుంటే మనసు తేలిగ్గా ఉంటుంది.

చెక్కపని · మంగళవారం సాయంత్రం 5:30

నా అనుభవం కూడా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఇది కాపీరైట్ కాదు, పేటెంట్ సంగతి, రూల్స్ పూర్తిగా వేరు, అదే తెలీక దెబ్బతిన్నా.

మడిచే స్టాండ్ ఒకటి చేశా, ల్యాప్‌టాప్ పెట్టుకునేది. దాని కీలులో ఒక చిన్న చెక్క ముక్క జారి తనంతట తనే బిగుసుకుంటుంది, స్ప్రింగ్ లేదు, స్క్రూ లేదు, విప్పాలంటే కొంచెం పైకెత్తితే చాలు. ఆ ముక్క వాలు కుదరడానికి అరవై పైన ముక్కలు కోసి పారేశా. కుదిరిన రోజు ఆనందం ఆపుకోలేక నలభై సెకన్ల వీడియో తీసి పెట్టేశా, కీలు దగ్గరగా చూపిస్తూ, ముక్క ఎటు జారుతుందో వేలితో చూపిస్తూ. మూడు వారాల తర్వాత పేటెంట్ ఏజెంట్ దగ్గర కూర్చుంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఎక్కడైనా బయట చూపించారా అని. వీడియో చూపించా గొప్పగా. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

యూరప్‌లో అప్లికేషన్ పెట్టడానికి ఒక్కరోజు ముందు బయటపెట్టినా కొత్తదనం పోయినట్టే, మనమే బయటపెట్టినా సరే. అమెరికా, జపాన్ లాంటి చోట్ల సొంతంగా బయటపెట్టినదానికి ఏడాది గడువిస్తారు, అక్కడ పెట్టుకున్నాం, మిగతా చోట్ల నా వీడియోనే నాకు అడ్డం. ముందు ఒకచోట ఫైల్ చేసి తర్వాత వీడియో పెట్టుంటే 1883 నాటి ప్యారిస్ ఒప్పందం కింద 12 నెలల్లోగా వేరే దేశాల్లో అదే తేదీతో అడగొచ్చు, పీసీటీ అని, ఒకే అప్లికేషన్‌తో చాలా దేశాలు అడిగే ఒప్పందం ఉంది, ఆ దారిలో వెళితే చాలా దేశాలకి 30 నెలల దాకా ఆలోచించుకునే టైం వస్తుంది. నలభై సెకన్లు ఆగలేక అదంతా వదులుకున్నా.

చిన్న_అడుగు · మంగళవారం రాత్రి 7:15

అన్నా, మరి ఎవరికీ చూపించకపోతే పెట్టుబడి ఎలా వస్తుంది, తయారుచేసేవాళ్లు ఎలా దొరుకుతారు?

చెక్కపని · మంగళవారం రాత్రి 7:40

గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని చూపించాలి తమ్ముడూ, అలా చూపిస్తే బయటపెట్టినట్టు లెక్క కాదు. సంతకం పెట్టనంటే అది ఏం చేస్తుందో చెప్పు, ఎలా చేస్తుందో చెప్పకు. స్టాండ్ బిగుసుకుంటుంది అని చెప్పొచ్చు, ముక్క వాలు ఎంతో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, పేటెంట్ ఉంటే అంతా అయిపోయినట్టు కాదు. రాబర్ట్ కెర్న్స్ అని, కారు అద్దం తుడిచే వైపర్ ఆగి ఆగి తిరిగేలా చేసిన ఆయన, పేటెంట్ 1967లోనే వచ్చింది. ఫోర్డ్ మీద 1978లో కేసు వేస్తే 1990లో 10.2 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. గెలిచినట్టే, కానీ పన్నెండేళ్లు. అందుకే ఎంతదాకా పోరాడగలమో ముందే చూసుకోవాలి.

నిశ్శబ్ద_మర · మంగళవారం రాత్రి 9:10

పేటెంట్ అంటే ఎలా చేశామో మొత్తం రాసి లోకానికి చెప్పెయ్యాలి, బదులుగా ఫైల్ చేసిన రోజు నుంచి 20 ఏళ్లు. మాది లోహపు ముక్కలకి పూత వేసే యూనిట్, మేం పేటెంట్ వద్దనుకున్నాం, ఎందుకంటే మా పూత చూసి ఎవరూ ప్రాసెస్ కనిపెట్టలేరు. రహస్యంగా ఉంచుకుంటే ఎన్నేళ్లయినా మనదే. అక్కడిదాకా మా ఆలోచన కరెక్టే.

కానీ మేం చేసిందేంటంటే, ఓవెన్ పక్కనే గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది, ఏ దశలో ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, మధ్యలో ఎంతసేపు తలుపు తెరవాలి అని. షిఫ్ట్ మారే ప్రతివాడికీ కనపడాలి కదా అని పెద్ద అక్షరాలతో. ఒకతను మానేసి వెళ్లాడు, ఆరు నెలల్లో మా కస్టమర్లకి అదే పూత ఇంకో చోటునుంచి తక్కువకి వస్తోంది. లాయర్ దగ్గరికి పరిగెత్తాం, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ఆమె అడిగింది ఒక్కటే, దాన్ని రహస్యంగా ఉంచడానికి మీరు ఏమేం చేశారు అని. ట్రిప్స్ అని, ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు ఇలాంటి హక్కుల మీద చేసుకున్న ఒప్పందం, దాని 39వ అధికరణంలోనే అది ఉందట, రహస్యం అయ్యుండాలి, రహస్యం కాబట్టే దానికి విలువ ఉండాలి, దాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి. మూడోది మా దగ్గర లేదు. గోడ మీద కాగితం, ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ ఒప్పందమూ రాయించుకోలేదు, లోపలికి వచ్చిన బయటివాళ్లు కూడా ఆ కాగితం ముందు నిలబడి టీ తాగేవాళ్లు.

ఇప్పుడు ఆ నంబర్లు ముగ్గురికే తెలుసు, ఆపరేటర్ ప్రోగ్రామ్ నంబర్ నొక్కుతాడు అంతే. చేరేవాళ్లూ వెళ్లేవాళ్లూ సంతకం పెడతారు. ఆ గోడ మీద టేపు మరకలు ఇంకా ఉన్నాయి, చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

పేరు_నిలబెట్టు · బుధవారం ఉదయం 7:25

పేరు గురించి ఎవరూ రాయలేదు. రేఖలు గారూ, మీ డిజైన్లు ఏ పేరుతో అమ్ముతున్నారో ఆ పేరుని ట్రేడ్‌మార్క్ చేయించారా? డిజైన్ ఒక్కోటి ఒక్కో ఏడాది ఆడుతుంది, పేరు జీవితాంతం ఉంటుంది. మేం మా పేరుతో నాలుగేళ్లు అమ్మి తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళ్తే అప్పటికే వేరేవాళ్లు అదే పేరు ఫైల్ చేసేశారు. ముందు వాడినవాళ్లకి విలువిచ్చే దేశాలున్నాయి, ముందు ఫైల్ చేసినవాళ్లదే పేరు అనే దేశాలూ ఉన్నాయి, మేం ఎక్కువ అమ్మేది రెండో రకం దేశంలో. పేరు మార్చుకోవాల్సి వచ్చింది, పెట్టెలు, బోర్డులు, వెబ్‌సైట్ అన్నీ.

పేరు పెట్టేటప్పుడే ఒకటి చూసుకోండి. వస్తువు గుణాన్ని చెప్పే పేరు, మెత్తని దిండ్లు లాంటిది, ఎవరికీ సొంతంగా ఇవ్వరు, ఎందుకంటే దిండ్లు అమ్మే అందరికీ ఆ మాట కావాలి. అర్థం లేని కొత్త మాటో, వస్తువుతో సంబంధం లేని మాటో అయితే గట్టిగా నిలబడుతుంది. సరుకులూ సేవలూ కలిపి 45 క్లాసులు ఉంటాయి, మీరు నిజంగా అమ్మే క్లాసులు ఎంచుకోవాలి. ఒకచోట ఫైల్ చేశాక 6 నెలల్లోగా వేరే దేశాల్లో అదే తేదీ అడగొచ్చు. మాడ్రిడ్ విధానంలో ఒకే అప్లికేషన్‌తో చాలా దేశాలు అడగొచ్చు, కాకపోతే మొదటి ఐదేళ్లలో మీ సొంత దేశపు రిజిస్ట్రేషన్ కూలిపోతే దాని మీద ఆధారపడ్డవి కూడా కూలతాయి, ఆ సంగతి చాలామంది చెప్పరు. పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ పోతే అంతం లేదు.

రిజిస్టర్ చేసి పడుకుంటే కూడా లాభం లేదండోయ్. ఎస్కలేటర్ అనేది ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్క్, జనమే కాదు కంపెనీ కూడా దాన్ని కదిలే మెట్లకి మామూలు మాటలా వాడేసరికి 1950లో అమెరికాలో పోగొట్టుకుంది.

కోడ్_కాగితం · బుధవారం ఉదయం 10:30

అందరూ బయటి దొంగల గురించే మాట్లాడుతున్నారు. నాకు దెబ్బ లోపలినుంచి తగిలింది. మా సాఫ్ట్‌వేర్‌ని ఒక పెద్ద సంస్థ కొంటామని వచ్చింది, అంతా మాట్లాడుకున్నాం, చివర్లో వాళ్ల లాయర్లు ఒక పట్టిక పంపారు, ప్రతి ఫైల్ పక్కన రాసినవాళ్ల పేరు, ఆ మనిషి హక్కులు మీకు రాసిచ్చిన కాగితం అని రెండు గళ్లు. రిపోర్టులు తయారుచేసే భాగం మొత్తం ఒక ఫ్రీలాన్సర్ రాశాడు, డబ్బు మొత్తం ఇచ్చేశాం, రసీదు ఉంది. కాగితం లేదు. డబ్బిచ్చాం కాబట్టి మాదే అనుకున్నాం.

అలా కాదట. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఒక శిల్పం కేసులో తేల్చింది, ఇల్లులేని వాళ్ల కోసం పనిచేసే సంస్థ ఒకటి రీడ్ అనే శిల్పితో బొమ్మ చేయించుకుంది, ఆలోచన వాళ్లదే, పీఠం వాళ్లదే, డబ్బు వాళ్లదే, మధ్యలో వెళ్లి చూసి సలహాలిచ్చిందీ వాళ్లే. అయినా ఆయన ఉద్యోగి కాదు, సొంతంగా పనిచేసే మనిషి, రాతపూర్వక ఒప్పందం లేదు, కాబట్టి అది చేయించుకున్నవాళ్ల సొత్తు అయిపోదు అంది కోర్టు. జీతానికి ఉన్న ఉద్యోగి డ్యూటీలో చేసింది చాలా దేశాల్లో యజమానిది, బయటి మనిషి చేసింది ఆ మనిషిదే, రాసిచ్చేదాకా. మేం ఆ కుర్రాణ్ని వెతికి పట్టుకుని సంతకం పెట్టించుకునేసరికి నాలుగు నెలలు, అతను మంచివాడు కాబట్టి సరిపోయింది. కొనేవాళ్లు మాత్రం ఆగలేదు.

లోగో గీసినవాళ్లు, వెబ్‌సైట్ రాసినవాళ్లు, ఫొటోలు తీసినవాళ్లు, అందరి దగ్గరా కాగితం ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఓపెన్ సోర్స్ కోడ్ వాడితే దాని లైసెన్స్ కూడా చదవండి, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్న కోడ్ కలిపి ప్రోగ్రామ్‌ని బయటికి ఇస్తే మీ సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాల్సి రావచ్చు.

రేఖలు_రంగులు · బుధవారం ఉదయం 11:10

కోడ్ గారి పోస్ట్ చదివి గుండె ఆగినంత పనైంది. ఆ తీగ సెట్‌కి రంగులు నేను వెయ్యలేదు. గీతలన్నీ నావి, రంగులు నా స్నేహితురాలు వేసింది, పన్నెండు డిజైన్లకీ. తనకి డబ్బు ఇచ్చా, మా మధ్య ఒక్క కాగితం లేదు, చాట్‌లో అయిపోయిందే, సూపర్ వచ్చిందే అనుకున్న మాటలు తప్ప. చిన్నప్పటి స్నేహం, కాగితం అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇప్పుడు నేను నోటీసులో ఇది పూర్తిగా నాదే అని రాయొచ్చా?

పాత_ఫైళ్లు · బుధవారం మధ్యాహ్నం 12:40

ఇంకా ఏదీ పంపకపోవడం మంచిదైంది.

చాలా ఆన్‌లైన్ వేదికలు 1998 నాటి అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం, డీఎంసీఏ అంటారు, దాని పద్ధతిలోనే ఫిర్యాదు తీసుకుంటాయి. అందులో మీ అసలు పని ఏది, కాపీ ఎక్కడుంది, మీ వివరాలు, వాడుకోవడానికి అనుమతి లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానని, ఇచ్చిన సమాచారం నిజమని, హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం నాకుందని అబద్ధసాక్ష్యం శిక్షకి లోబడి చెప్పడం, సంతకం, ఇవన్నీ ఉండాలి. తెలిసి తెలిసి తప్పు చెబితే నష్టపరిహారం మీరే కట్టాల్సి వస్తుంది. అవతలివాడు నా తప్పేం లేదంటూ ఎదురు నోటీసు ఇస్తే, మీరు కోర్టుకి వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో లిస్టింగ్ తిరిగి పెట్టేస్తారు. అప్పుడు వాడు అడిగే మొదటి ప్రశ్న, రంగులు ఎవరు వేశారు అని అయితే?

రంగులు వేసినంత మాత్రాన ఆమె సహరచయిత్రి అవుతుందా లేదా అనేది దేశాన్ని బట్టీ, ఆ రంగుల్లో ఎంత సొంత సృజన ఉందో దాన్ని బట్టీ, మీరిద్దరూ ఏమనుకుని మొదలుపెట్టారో దాన్ని బట్టీ మారుతుంది. అయితే గనక, అమెరికాలో ఇద్దరిలో ఎవరైనా రెండోవాళ్లని అడక్కుండా మామూలు లైసెన్స్ ఇచ్చెయ్యొచ్చు, లాభంలో వాటా ఇస్తే చాలు. బ్రిటన్‌లో ఇద్దరి ఒప్పుకోలూ లేకుండా ఇవ్వలేరు. ఈ వాదనలోకి దిగడం కంటే ఒక కాగితం రాయించుకోవడం వంద రెట్లు సులువు. హక్కుల బదిలీ నోటిమాటతో చాలా దేశాల్లో చెల్లదు, రాసి సంతకం పెట్టాలి. జర్మనీలో అయితే బతికుండగా కాపీరైట్‌ని బదిలీ చెయ్యడమే కుదరదు, వాడుకునే హక్కులే ఇవ్వగలరు, కాబట్టి ఆ మాట కూడా కాగితంలో కలిపి రాయండి, బదిలీ కుదరని చోట పూర్తి వాడకపు హక్కు ఇస్తున్నాను అని.

గళం · బుధవారం మధ్యాహ్నం 1:30

కాగితం అడిగితే తను నొచ్చుకుంటుందేమో అని భయపడుతున్నారు కదా. నేను మా తబలా కళాకారుడిని అడిగినప్పుడు ఒక మాట చెప్పా, ఇది నీ మీద అపనమ్మకంతో కాదు, రేపు మనిద్దరం లేకపోయినా మన పిల్లలు కొట్టుకోకూడదని. కాపీరైట్ మనం పోయాక కూడా కనీసం 50 ఏళ్లు, చాలా దేశాల్లో 70 ఏళ్లు నడుస్తుంది కదా. ఆయన వెంటనే పెట్టారు.

రేఖలు_రంగులు · శుక్రవారం రాత్రి 9:50

అడిగా. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని, ఆ పదకొండు లిస్టింగులూ చూపించి. తనకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆకుపచ్చలో కొంచెం ఊదా కలిపితేనే ఆ తీగకి సాయంత్రం వెలుగు వస్తుందని మూడు రోజులు కూర్చున్నానే, దాన్ని చెడగొట్టి నియాన్ చేశారు చూడు అంది. అప్పటిదాకా ఆ మూడు రోజుల సంగతి నాకు తెలీదు.

సంతకం పెడతాను గానీ ఒకటి కావాలి అంది. ఎక్కడ డిజైన్ పెట్టినా రంగులు ఎవరివో రాయాలి అని. ఇన్నాళ్లూ నేను రాయలేదు, తను అడగలేదు. చాలా సిగ్గనిపించింది.

పాత_ఫైళ్లు · శుక్రవారం రాత్రి 10:15

ఆమె అడిగింది న్యాయం, చట్టంలోనూ చోటుంది. బెర్న్ ఒప్పందంలో 1928లో రోమ్‌లో చేర్చారు, డబ్బు హక్కులు అమ్మేసినా పని నాదే అని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి పరువు తీస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకే ఉంటాయని. తప్పకుండా రాయండి.

రేఖలు_రంగులు · మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 8:30

ఎంతవరకు వచ్చిందో చెప్పాలి కదా అని రాస్తున్నా. కాగితం మీద సంతకాలు అయ్యాక పదకొండు ఫిర్యాదులు పంపా, ఒక్కోదానికీ నా డిజైన్, వాళ్ల ఫొటో పక్కపక్కన, ఈనె దాటిన చోట ఎర్ర సున్నా చుట్టి. ఎనిమిదింటిని వారంలోనే తీసేశారు. రెండు ఇంకా పరిశీలనలో ఉన్నాయి. ఒకతను ఎదురు నోటీసు ఇచ్చాడు, ఒక ఉచిత బొమ్మల సైట్‌లో దొరికింది అని. ఆ సైట్‌లో వెతికితే నిజంగానే ఉంది, ఎవరో అక్కడ తన సొంత డిజైన్ అని పెట్టి పంచేశారు. అంటే ఇతను కూడా మోసపోయాడేమో. స్కెచ్ పేజీ, పాత మెయిల్ పంపి మర్యాదగా రాశా, తనే తీసేశాడు, సారీ కూడా చెప్పాడు. మొదటే అందరి ముందూ పేరు పెట్టి తిట్టుంటే అతన్ని కూడా తిట్టి ఉండేదాన్ని. ఆ సైట్‌కి కూడా ఫిర్యాదు పెట్టా, తీసేశారు.

కొత్త సెట్‌ని ప్రచురించిన వారంలోనే రిజిస్ట్రేషన్‌కి పెట్టా. పేరు ట్రేడ్‌మార్క్ కోసం ఒకరిని కలిశా, వెతుకుతున్నారు.

చిన్న_అడుగు · ఆదివారం ఉదయం 9:10

అక్కా, ఆ కాగితంలో ఏమేం రాశారో చెప్తారా, నాకూ ఒక ఫొటోగ్రాఫర్‌తో రాయించుకోవాలి.

రేఖలు_రంగులు · ఆదివారం ఉదయం 9:40

లాయర్ చూసి దిద్దారు, రెండు పేజీలే. ఇద్దరి పేర్లు, చిరునామాలు. పన్నెండు డిజైన్ల చిన్న బొమ్మలు వరసగా, ఒక్కోదానికి నంబర్, ఏ ఫైలో దాని పేరు, ఎందుకంటే అన్ని పనులూ అని మొత్తంగా రాస్తే తర్వాత ఏది ఉందో ఏది లేదో గొడవ వస్తుందట. రంగుల్లో తనకున్న హక్కులు నాకు బదిలీ, అన్ని దేశాలకి, కాపీరైట్ ఉన్నంతకాలం, బదిలీ కుదరని చోట పూర్తి వాడకపు హక్కు. తనకి ఇచ్చిన డబ్బు ఎంతో, ఇకమీద అమ్మే ప్రతి లైసెన్స్‌లో వాటా ఎంతో, అది నేనే పెట్టించా. తన పేరు ఎలా రాయాలో అచ్చంగా ఆ మాటలు. తేదీ, సంతకాలు, సాక్షులు.

నా పేజీలో ఆ తీగ డిజైన్ కింద గీతలు, రంగులు అని రెండు పేర్లు పెట్టా నిన్న రాత్రి. తను స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల అమ్మకి పంపిందట.